బయటి గడియ

శనివారం, మే 3

డైరీ రాయమన్నాడు. ఎవరికీ చూపించక్కర్లేదట. "మీతో మీరు మొహమాటం లేకుండా మాట్లాడుకోండి," అన్నాడు. సరే, మొహమాటం లేకుండా మొదటి మాట: ఆయన మొహం నాకు నచ్చలేదు.

ఆరు శనివారాలు. ఎండాకాలం సెలవుల్లో ఆరు శనివారాలు లైబ్రరీ పై గదిలో కూర్చుని కథలూ కాకరకాయలూ నేర్చుకోవాలి. రచయితలకీ టీచర్లకీ కలిపి ఈ వర్క్‌షాపు పెట్టారు. "పిల్లల చేత రకరకాల ప్రక్రియల్లో రాయించాలంటే ముందు మీకు రావాలిగా," అంది హెడ్మిస్ట్రెస్. ఇరవై రెండేళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దుతున్నదాన్ని, నాకు రావాలట! నేర్పేవాడు తాటిచెట్టంత పొడుగు. ఫ్యాను రెక్క తగులుతుందని తల వంచుకుని నడుస్తాడు. దాన్ని వినయం అనుకుంటున్నారు అందరూ.

పన్నెండు మందిమి. పత్రికల్లో పేరు పడ్డవాళ్ళు నలుగురు విడిగా కిటికీ పక్కన కూర్చున్నారు, గాలి కూడా వాళ్ళకే రావాలన్నట్టు. మిగతావాళ్ళం టీచర్లం. మా బడి నుంచి డ్రిల్లు మాస్టారు, నేను, మేడమీది మనిషి.

మేడమీది మనిషి అంటే నా తోడికోడలు. మా బడిలోనే చిన్న తరగతులకి చెబుతుంది. కింద వాటా మాది, పై వాటా వాళ్ళది. మరిది నెలకి ఇరవై రోజులు లారీ మీదే ఉంటాడు. రెండేళ్ళుగా ఆమెకీ నాకూ మధ్య నడిచే సంభాషణ ఒక్కటే. "అక్కా, మోటారు వెయ్యనా?" "వెయ్యి." ఇప్పుడు ఇల్లూ బడీ చాలక బెంచీ కూడా ఒకటే.

పొడుగాయన పని ఇచ్చాడు. ప్రతివాళ్ళూ ఒక్క సంగతి ఎంచుకోవాలి. వారం వారం దాన్నే ఒక్కో రూపంలో రాయాలి: ఉత్తరం, ఫిర్యాదు, స్వగతం, ఇద్దరి మాటలు. నేను బడి గంట తీసుకున్నాను. డ్రిల్లు మాస్టారు విజిలు తీసుకున్నారు.

"మీరమ్మా?" అని ఆమెని అడిగాడు.

"తలుపండీ."

"ఏ తలుపు?"

"ఒక గది తలుపు."

సరిగ్గా అప్పుడే నా పెన్ను రాయడం మానేసింది. పాతది.

ఆదివారం, మే 4

తలుపంటే తలుపే. లోకంలో తలుపులకి కొదవా?

శనివారం, మే 10

ఉత్తరం చదివారు అందరూ. నా 'గంటకి లేఖ' మూడు పేజీలు. రెండుసార్లు సాపు చేసి తీసుకెళ్ళాను. "భాష చాలా బాగుందండీ," అన్నాడు పొడుగాయన. అంతే. భోజనానికి పిలిస్తే వచ్చి, మీ కంచాలు బాగున్నాయని చెప్పి పోయినట్టు.

ఆమెది అర పేజీ. తలుపుకి ఉత్తరం. "నీకు గడియ బయటివైపు పెట్టినవాళ్ళు, లోపల ఎవరు ఉంటారనుకుని పెట్టారు?" అని ఒక వాక్యం. కిటికీ దగ్గరి నలుగురూ తలలు తిప్పి చూశారు. పొడుగాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇది చాలదన్నట్టు డ్రిల్లు మాస్టారు నా చెవిలో, "మీ తోడికోడలు గట్టిదేనండోయ్!" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన సంబరంగా ఉన్నారు. వర్క్‌షాపులో రాసినవన్నీ చిన్న పుస్తకంగా వేస్తారట, పని మా ప్రెస్సుకే వచ్చిందట. "మీ ఇద్దరి రాతలూ నేనే కంపోజ్ చేస్తా," అన్నారు.

తలనొప్పి. పడుకున్నాను.

మంగళవారం, మే 13

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవలసిన పని నాకు లేదు. అయినా ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది, నా దగ్గర లెక్క సరిగ్గా ఉంటుంది.

అత్తయ్యకి మతి పోయింది. పొయ్యి వెలిగించి మర్చిపోయేది. రెండుసార్లు వీధిలో పడి వెళ్ళిపోయింది. ఒకసారి పోస్టాఫీసు మెట్ల మీద దొరికింది, చెప్పుల్లేకుండా. పద్నాలుగు నెలలు స్నానం, అన్నం, మలం, మూత్రం అన్నీ నేనే చూశాను. మేడమీది మనిషికి నడుం నొప్పి. అవసరమైనప్పుడల్లా వచ్చే నొప్పి.

ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ. పొద్దున్నే రావలసిన ఆయా రాలేదు. ఈయన అప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయారు. పైన ఆమె నడుం చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తానని ముందురోజే అంది, అంచేత పైన ఎవరూ లేరు. అత్తయ్య గదిలో నీళ్ళు, అరటిపళ్ళు, కప్పుకునే దుప్పటి పెట్టి బయట గడియ వేశాను. రోడ్డు మీద లారీ కింద పడటం కంటే నయం కదా? డ్యూటీ నాలుగింటి దాకా సాగింది. నాలుగున్నరకి ఇంట్లో ఉన్నాను.

చేతులు కమిలిపోయి ఉన్నాయి, తలుపు బాదినట్టుంది. బాత్రూములో జారిందని ఈయనకి చెప్పాను. ఊరికే బాధపడతారని చెప్పానంతే. రెండు నెలల తరవాత ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయింది. దీనికీ దానికీ సంబంధం లేదని డాక్టరుని అడిగి తెలుసుకున్నాను.

డ్యూటీ నాలుగింటి దాకా.

గడియ వేసిన సంగతి అత్తయ్య పోయిన కొత్తలో ఒక బలహీన క్షణంలో ఆమెకి చెప్పింది నేనే. తాకట్టు పెట్టిన నగలాగా దాచుకుని ఇప్పుడు అమ్ముకుంటోంది.

శనివారం, మే 17

ఫిర్యాదు వారం. గొంతు బాలేదని ఆమె చదవలేదు. నాది చదివాను. భాష బాగుందట.

శనివారం, మే 24

ఇవాళ స్వగతం, మేడమీది మనిషిది. ముసలామె మాట్లాడుతుంది, తలుపు లోపల. ఆమె చదువుతుంటే నేను బల్ల చెక్కలో ఎవరో చెక్కిన అక్షరాలు చూస్తూ కూర్చున్నాను.

"పెద్దమ్మాయ్, పాలు పొంగిపోతున్నాయే, పొయ్యి ఆపు." అది మొదట. తరవాత చాలాసేపు తలుపు చప్పుడు. తరవాత, "అమ్మా, ఇంటికెళ్ళిపోదామే." ఆ తరవాత గొంతు చిన్నదైపోయి, "మేష్టారూ, ఒంటికి పోయొస్తానండీ. మేష్టారూ. ఇంకెప్పుడూ అల్లరి చెయ్యనండీ."

డ్రిల్లు మాస్టారు కర్చీఫు తీశారు. పత్రికల్లో పేరు పడ్డ ఒకావిడ అయితే లేచొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇది ఎలా ఊహించారమ్మా?" అని అడిగాడు పొడుగాయన. ఆమె కాగితం మడతపెట్టుకుంది. నా వైపు చూడలేదు కూడా.

నేను నీళ్ళకని లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. దొంగ. నా ఇంట్లో చచ్చిపోయిన మనిషిని తీసుకెళ్ళి చప్పట్లు కొట్టించుకునే దొంగ. అదే తిట్టు నాలుగుసార్లు తిట్టుకున్నాను. ఐదోసారి మధ్యలో ఆగిపోయాను.

మేష్టారూ అనే మాట ఆమెకి నేను చెప్పలేదు.

చివరి రెండు నెలలూ అత్తయ్య నన్ను మేష్టారూ అనేది. బాత్రూముకి తీసుకెళ్ళాలంటే చంటిపిల్లలా చిటికెనవేలు చూపించేది. ఆ రోజు నుంచే మొదలైంది, అంతకు ముందు లేదు. ఆ రెండు నెలలూ మేడమీది మనిషి ఆ గదిలో అడుగు పెట్టలేదు. ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఊహించలేరు.

విన్నది.

ఆ రోజు పైనే ఉంది. అంతా విన్నది.

మొదట ఏమనిపించిందో రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ మొహమాటం లేకుండా అన్నాడుగా. సంతోషం వేసింది. చిక్కావే, అనుకున్నాను.

ఆదివారం, మే 25

పొద్దున్న ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఎక్కాను. రెండేళ్ళలో ఆ మెట్లెక్కడం ఇదే.

"ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళలేదు నువ్వు," అన్నాను.

తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. "వెళ్ళలేదు."

"విన్నావు."

"విన్నా."

"కాళ్ళు పడిపోయాయా? పన్నెండు మెట్లు. దిగి గడియ తీస్తే చేతులు అరిగిపోతాయా? ముసలి మనిషి తలుపు బాదుతుంటే మంచం మీద దొర్లుతూ కూర్చున్నావా? నడుం నొప్పి అని అబద్ధాలు..."

"నడుం కాదక్కా." గొంతు పెరిగింది. "ముందురోజు సాయంత్రం ఏమన్నావో గుర్తుందా? నీకు గుర్తుండదులే, అన్నవాళ్ళకి గుర్తుండదు. అత్తయ్యకి పొద్దున్న నేను పెట్టిన పెరుగన్నం పడలేదని, ఆవిడ కక్కిందని, మెట్ల కింద నిలబడి వీధంతా వినపడేలా అన్నావు. మళ్ళీ నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతానన్నావు."

"కోపంలో వంద అంటాం."

"తొక్కొద్దన్నావు. తొక్కలేదు. చూస్తాను, ఇవాళ నేను లేకుండా ఎలా గడుస్తుందో చూస్తాననుకున్నా. పంతం. మొదటి గంట పంతమే." దుప్పటి తీగ మీద పడేసింది, పిండకుండానే. "తరవాత పంతం కాదు, భయం. ఇంతసేపు విని ఇప్పుడు దిగితే, ఇంతసేపూ ఎందుకు దిగలేదంటారు కదా అని. ఇంకో గంట గడిచేసరికి మరీ దిగలేకపోయా."

"నన్ను పిలిచింది రాశావు. వాళ్ళమ్మని పిలిచింది రాశావు. మేష్టారుని రాశావు. నిన్ను పిలవలేదా?"

దుప్పటి కొస పట్టుకుని పిండింది. నీళ్ళు టపటపా గచ్చు మీద పడుతున్నాయి.

"పిలిచింది."

"మరి అది రాయవేం?"

"చెయ్యి రాలేదు."

అక్కడితో దిగిపోవలసింది. గెలిచినదాన్ని దిగిపోవచ్చుగా! నోరు ఊరుకోదు. "నేనంటే డ్యూటీలో ఉన్నాను. ఉద్యోగం. నువ్వు ఏ రాచకార్యం వెలగబెడుతున్నావని?" అన్నాను.

అప్పుడు నా కళ్ళలోకి చూసింది. "డ్యూటీ ఒంటిగంటకి అయిపోయింది కదక్కా. హెడ్మిస్ట్రెస్ నాకు ఫోన్ చేసింది. మీ అక్క కళ్ళజోడు బల్ల మీద మర్చిపోయి ఒంటిగంటకే వెళ్ళిపోయింది, ఇంటికొస్తే చెప్పు అని. ఇదిగో వస్తావు, అదిగో వస్తావు అని గేటు చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నా. నువ్వు నాలుగున్నరకి వచ్చావు."

ఏమన్నానో గుర్తు లేదు. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను. పదమూడు ఉన్నాయి.

సోమవారం, మే 26

రెండేళ్ళూ తెలుసు ఆమెకి. మోటారు వెయ్యనా అక్కా అని అడిగిన ప్రతిసారీ తెలుసు.

బుధవారం, మే 28

ట్యాంకు ఖాళీ. ఇద్దరిలో ఎవరూ మోటారు వెయ్యలేదు. మా ఆయన సబ్బు నురగతో బయటికొచ్చి, "ఈ ఇంట్లో మనుషులున్నారా?" అని అరిచారు.

గురువారం, మే 29

ఎప్పుడూ మధ్యాహ్నం భోజనానికి రాని మనిషి పన్నెండింటికి వచ్చారు. చెప్పులు విప్పలేదు. చేతిలో ప్రూఫు కాగితం, మడతపెట్టి. బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశారు.

"ఇది మా అమ్మ కదా," అన్నారు.

నేను కూర తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

"చిటికెనవేలు చూపించేది. మేష్టారూ అనేది. నన్నూ ఒకసారి అంది. ఇందులో తలుపు మూసుంది. ఎప్పుడు?"

ఎన్ని జవాబులు ఉన్నాయో నా దగ్గర! రెండేళ్ళుగా ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంచినవి. ఒక్కటీ రాలేదు.

"ఆయా రాని రోజు. పరీక్షలప్పుడు."

"చేతులు కమిలిన రోజా?"

"ఆ."

"గడియ ఎవరు వేశారు?"

"నేనే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాగితాన్ని మళ్ళీ చదివారు, ప్రూఫు చదివినట్టే, వేలు ఒక్కో మాట కింద పెట్టి. చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళారు. తరవాత అడిగారు. కోపంగా అడిగినా బాగుండేది.

"నన్ను పిలవలేదా?"

"నేను లేనండీ అక్కడ," అన్నాను. "మేడ మీద ఆమె ఉంది. ఆమెనే అడగండి."

వెళ్ళారు. నేను మెట్ల కింద నిలబడ్డాను. తలుపు తీసిన చప్పుడు, ఆమె "బావగారూ" అనడం, తరవాత ఆయన అదే ప్రశ్న అడగడం వినిపించాయి.

"పిలిచింది బావగారూ," అంది, వెంటనే.

"ఏమని?"

కుర్చీ జరిపిన చప్పుడు.

"ఏమని పిలిచిందమ్మా?"

"బాబూ... బాబూ అని."

అత్తయ్య తన జన్మలో ఆయన్ని బాబూ అనలేదు. ఆరడుగుల మనిషిని, నెరిసిన తలవాణ్ణి, "ఒరే పొట్టోడా" అనేది. మతి పోయాక నా పేరు మర్చిపోయింది, తన పేరు మర్చిపోయింది, ఆ పిలుపు మర్చిపోలేదు.

ఆయన దిగి వచ్చి మంచినీళ్ళు తాగారు. "పాపం, ఆ పిల్లకి అబద్ధం ఆడటం కూడా రాదు," అన్నారు. అన్నం తినకుండా వెళ్ళిపోయారు.

శనివారం, మే 31

వర్క్‌షాపుకి వెళ్ళలేదు. ఆమె కూడా వెళ్ళలేదని డ్రిల్లు మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. ఇద్దరి మాటల వారం అట. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మంగళవారం, జూన్ 3

ఈయన నాతో మాట్లాడక ఐదు రోజులు. పెట్టింది తింటారు. కంచం కడిగి పెడతారు, ఇంతకు ముందు ఏనాడూ కడగలేదు. అది తిట్టు కంటే ఎక్కువగా తగులుతోంది.

ఇవాళ అడిగారు. చొక్కా గుండీ పెట్టుకుంటూ, అద్దంలోకి చూస్తూ.

"ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఎక్కడున్నావు?"

మేడమీద ఆమె చెప్పిందన్నమాట. చెప్పనీ. కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ నిలబడలేదు.

"సినిమాకి వెళ్ళాను."

గుండీ దగ్గర చెయ్యి ఆగింది. "ఏ సినిమా?"

"తెలీదండీ. కుర్చీలో కూర్చున్నాను, దీపాలు ఆర్పేశారు, నిద్రపోయాను. ఆట అయిపోయాక తుడిచే ఆవిడ వచ్చి లేపింది."

"సినిమాహాల్లో నిద్రపోయావా?"

"అక్కడ నన్నెవరూ పిలవలేదు," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఏదో అనబోయి, అనకుండా వెళ్ళారు. ఆయన అనబోయింది మంచిమాటో చెడ్డమాటో నాకు తెలీదు. తెలుసుకోవాలని లేదు.

శనివారం, జూన్ 7

చివరి వారం. ఏ రూపంలోనైనా రాసుకోవచ్చట. గంటన్నర టైము. ఆమె కిటికీ వైపు బెంచీలో కూర్చుంది, రచయితలతో. కూర్చోనీ. మాకు సంధి ఏమీ కుదరలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఎవరో ఒకరు గోడకి తప్పుకుంటున్నాం.

బడి గంట గురించి ఇంక రాయడానికి ఏమీ లేదు. అసలు మొదటినుంచీ ఏమీ లేదు.

ఆయా రాలేదు, అని మొదలుపెట్టాను. ఉత్తరం కాదు, స్వగతం కాదు, ఏ ప్రక్రియా కాదు. గడియ వేసినప్పుడు లోపల నుంచి అత్తయ్య, "జాగ్రత్తగా వెళ్ళిరా," అనడం రాశాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ, ఈ డైరీకి కూడా. ఒంటిగంటకి బడి గేటు దాటగానే ఇంటివైపు బస్సు వచ్చి ఆగడం రాశాను. నేను ఎక్కకుండా రోడ్డు దాటడం రాశాను. హాల్లో చల్లగా ఉంది, నిద్రలో కలలేమీ రాలేదు, లేచినప్పుడు ఏడాదిలో మొదటిసారి ఒళ్ళు తేలిగ్గా ఉంది, అదీ రాశాను. అన్నిటికంటే అదే రాయడం కష్టమైంది. ఇంటికొచ్చాక తడి గచ్చు తుడిచి, తడి చీర మార్చి, ఆ కమిలిన చేతులకి మందు రాస్తూ, "బాత్రూములో జారావు అత్తయ్యా, గుర్తుందా?" అని ఆవిడకే చెప్పడం, ఆవిడ బుద్ధిగా తలూపడం రాశాను.

పైన ఆమె విన్న సంగతి రాయలేదు. అది ఆమెది. రాసుకుంటే ఆమే రాసుకుంటుంది.

పొడుగాయన చదువుతారా అన్నాడు. చదవనన్నాను. "సరే," అన్నాడు. భాష బాగుందని అనలేదు. ఆయనతో ఇంతవరకూ నాకు నచ్చిన సంగతి అదొక్కటే.

ఆదివారం, జూన్ 8

పొద్దున్న కాఫీతో పాటు ఆ ఐదు కాగితాలూ మా ఆయన ముందు పెట్టాను. వంటింట్లోకి వెళ్ళి పప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఏరిందే ఏరుతున్నాను. అవతల కాగితం తిప్పిన చప్పుడు ఐదుసార్లు వినాలి. నాలుగోది వినపడ్డాక చాలాసేపు ఏమీ వినపడలేదు.

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఎర్ర పెన్ను. ఆ పెన్ను లేకుండా ఏ కాగితమూ చదవలేరు ఆయన. కాగితాలు అందించారు. చూశాను. రెండు చోట్ల ఒత్తులు దిద్దారు. ఇంకెక్కడా గీత పెట్టలేదు.

"నేను క్షమించానని మాత్రం అనుకోకు," అన్నారు.

"అనుకోను."

"ఆ పిల్లని కూడా."

"ఆమెకి మీరే చెప్పుకోండి."

తలూపారు. వెళ్ళబోయి ఆగారు. గోడకేసి చూస్తూ, ప్రెస్సులో పనివాళ్ళతో మాట్లాడే గొంతుతో అన్నారు.

"పుస్తకం నలభై ఎనిమిది పేజీలు. నలభై మూడే వచ్చాయి. చివర ఐదు ఖాళీగా పోతున్నాయి."

నేను చేట కింద పెట్టాను. పుస్తకం హెడ్మిస్ట్రెస్ చూస్తుంది. బడిలో అందరూ చూస్తారు. డ్రిల్లు మాస్టారు కర్చీఫు తీస్తారు, ఆ తరవాత నాతో టీ తాగడం మానేస్తారు.

"వెయ్యండి," అన్నాను.

"రాసిన వాళ్ళ పేరు?"

"నా పేరే పెట్టండి."